క్యాంపుల ఉద్యోగంలో కృతజ్ఞత, తృప్తి: ఆరు వారాల్లో అలవాటు చేసుకునే పద్ధతి

మెడికల్ రెప్‌లు, ఆడిటర్లు, సర్వీస్ ఇంజనీర్లు, బ్యాంకు తనిఖీలకు తిరిగేవాళ్ళు, సైటు సూపర్‌వైజర్లు. నెలలో సగం రోజులు ఇల్లు వదిలి ఉండే వీళ్ళు కృతజ్ఞత సాధన గురించి తరచూ అడిగేవి మూడు. రోజూ రాయాలా? ఏం రాయాలి? టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు మూణ్ణెల్లుగా తేలనప్పుడు ఎవరికి, దేనికి కృతజ్ఞత?

మూడో ప్రశ్న తేలకుండా మొదటి రెండింటికీ ఎన్ని జవాబులు చెప్పినా లాభం లేదు. అందుకే ఈ పద్ధతి నోటుబుక్కు వెనక పేజీ నుంచి మొదలవుతుంది.

## 1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

- జేబులో పట్టే రూళ్ళ నోటుబుక్కు. ఖరీదైన డైరీ వద్దు. అందులో అందంగా రాయాలన్న బెంగతో పేజీలు ఖాళీగా మిగిలిపోతాయి.
- బాల్‌పెన్ను. కదిలే బండిలో, చెమట చేతిలో జెల్ పెన్ను అలుక్కుపోతుంది.
- వారానికి రెండు విడతలు, విడతకు పది నిమిషాలు.

ఫోన్లో రాయొచ్చా? రాయొచ్చు, కానీ ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి. రెండో వాక్యం సగంలో ఉండగా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రేపటి రిపోర్టు అడిగితే ఆ విడత అక్కడితో సరి.

ఇంకో షరతు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆకలిగా ఉన్నప్పుడు, నిద్ర తూగుతున్నప్పుడు, బాత్‌రూమ్‌కి వెళ్ళకుండా మూడు గంటలు బస్సులో ఓర్చుకుని దిగినప్పుడు రాయకండి. ఆ విసుగు సగం ఒంటిది. రెండు ఇడ్లీ తిని, మొహం కడుక్కుని కూర్చుంటే పోయేదాన్ని మనసు లోపం అనుకుని సాధన చేస్తే ఫలితం ఉండదు.

## 2. వెనక పేజీ: అడగాల్సినవి

నోటుబుక్కు తిరగేసి చివరి పేజీ తెరవండి. మూడు గడులు గీయండి: ఏం జరిగింది, ఎవర్ని అడగాలి, ఎప్పటిలోగా. మిమ్మల్ని గుచ్చుతున్నవన్నీ అక్కడ రాయండి.

ఉదాహరణకు:

- జనవరి టీఏ బిల్లు రాలేదు / అకౌంట్స్ సెక్షన్ / సోమవారం మెయిల్, గురువారం ఫోన్
- టూరు ప్రోగ్రాం ముందురోజు రాత్రి చెబుతున్నారు / మేనేజరు / ఈ నెల రివ్యూ మీటింగులో
- లాడ్జి గదిలో గీజరు పనిచేయదు / కౌంటరు / ఇప్పుడే
- బండి రెండు గంటలు లేటు / ఎవర్నీ అడగలేం / కొట్టేయండి

ఆ చివరి పద్దు లాంటివి ప్రతి జాబితాలోనూ ఉంటాయి. వాటిని రాసి, ఒక్క గీతతో కొట్టేయాలి. రాయకుండా మనసులోనే కొట్టేద్దామనుకుంటే మళ్ళీ వస్తాయి.

ఇది ముందు ఎందుకంటే, న్యాయంగా రావలసిందాన్ని అడగకుండా కృతజ్ఞత రాసుకుంటూ కూర్చుంటే అది దిగమింగుకోవడం అవుతుంది. రెండు వారాలు బాగానే ఉంటుంది. మూడో వారం నోటుబుక్కు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ముందు పేజీల్లో తృప్తి ఉండాలంటే వెనక పేజీల్లో గట్టిగా అడగడం ఉండాలి. ఈ రెండు పద్దులూ కలపకండి. మేనేజరు మంచివాడని ముందు రాసినంత మాత్రాన వెనక ఉన్న బాకీ రద్దు కాదు. బాకీ ఉంది కదా అని ఆయన చేసిన మేలూ చెరిగిపోదు.

మొదటి వారమంతా ఈ పని ఒక్కటే చేయండి. ముందు పేజీ ముట్టుకోవద్దు.

## 3. ముందు పేజీ: వాక్యం ఎలా రాయాలి

వాక్యంలో మూడు భాగాలుండాలి: ఎవరు, ఏం చేశారు, దానివల్ల మీకు ఏం కలిసొచ్చింది లేదా ఏం తప్పింది.

పనికిరాని వాక్యాలు:

- మంచి కుటుంబం ఉన్నందుకు కృతజ్ఞతలు.
- ఆరోగ్యంగా ఉన్నాను.
- ఈ రోజు ప్రయాణం బాగా జరిగింది.

పనికొచ్చేవి:

- సూర్యాపేటలో బస్సు కదలబోతుంటే పక్క సీటాయన "ఒకాయన దిగాడు, ఆపండి" అని అరిచాడు. లేకపోతే నా బ్యాగు విజయవాడ, నేను సూర్యాపేట.
- రాత్రి వానకు తడిసిన నా బూట్లలో మా ఆవిడ పాత పేపర్లు కుక్కి పెట్టింది. పొద్దున పొడి బూట్లతో స్టేషనుకు వెళ్ళాను.
- స్టోర్ కీపరు భోజనానికి వెళ్ళబోతూ ఆగి స్పేర్ పార్టు తీసిచ్చాడు. రేపు మళ్ళీ రావలసిన పని తప్పింది.

మొదటి రకంవి అబద్ధాలేం కావు. కానీ వాటిలో చూసిందేమీ లేదు. ఎవరైనా, ఎక్కడైనా, ఏ రోజైనా రాసుకోవచ్చు. మూడోసారి రాసేసరికి చెయ్యి రాస్తుంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది.

ఎన్ని రాయాలి? మూడు. తోస్తే అయిదు, అంతకు మించొద్దు. ఈ సాధనపై ఎక్కువగా ప్రస్తావించే ప్రయోగాల్ని రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించారు. వాటిలో ఒక దానిలో విద్యార్థులు పది వారాల పాటు, వారానికి ఒక్కసారి, అయిదు విషయాల వరకు రాశారు. అంతే. పది పేజీలు నింపితే పదింతల తృప్తి రాదు.

రోజూ రాయాలా? అక్కర్లేదు. రోజూ రాసేవాళ్ళలో ఎక్కువమంది రెండో వారానికే నిన్నటిది తిప్పి రాయడం మొదలుపెడతారు. వారానికి రెండుసార్లంటే మధ్య మూడు నాలుగు రోజులుంటాయి. ఆ రోజుల్లో మనసు తనంతట తను "ఇది రాయొచ్చు" అని వెతుక్కుంటూ ఉంటుంది. అసలు తర్ఫీదు ఆ వెతుకులాటే.

వాక్యం పూర్తయ్యాక ఇలా సరిచూసుకోండి:

- మనిషో, వస్తువో, చోటో పేరుతో ఉందా?
- ఈ నాలుగు రోజుల్లో జరిగిందేనా?
- ఏం తప్పిందో, ఏం కలిసొచ్చిందో ఉందా?
- ఇంకొకరు కూడా అచ్చంగా ఇదే రాయగలరా? రాయగలిగితే కొట్టేసి మళ్ళీ రాయండి.

## 4. ఎక్కడ, ఎప్పుడు రాయాలి

"తీరిక దొరికినప్పుడు" అనుకుంటే దొరకదు. ప్రయాణంలో తప్పకుండా వచ్చే ఘట్టానికి కట్టేయాలి.

రాత్రి రైలు. సామాను సర్దుకుని, టికెట్ చూపించాక, భోజనం విప్పే ముందు. సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరి తెల్లారేసరికి విశాఖ చేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి బండిలో కాజీపేట దాటాక మంచి సమయం. రాత్రి పది తర్వాత వద్దు. కింద బెర్తులో పెద్దాయన నిద్ర చెడగొట్టి లైటు వేసుకుని కృతజ్ఞత రాసుకోవడం ఎలాంటి సాధనో మీరే చెప్పాలి.

బస్సు. కదిలే బస్సులో రాయకండి, కడుపులో తిప్పుతుంది. మూడు వాక్యాలూ మనసులో అనుకుని, ఒక్కోదానికి ఒక్కో మాట గుర్తుపెట్టుకోండి: బ్యాగు, బూట్లు, స్పేర్ పార్టు. బస్సు దాబా దగ్గర ఆగినప్పుడు రాసుకోండి.

సొంత బండి. నడుపుతూ ఏమీ చేయొద్దు, మనసులో కూడా. గమ్యం చేరి ఇంజను ఆపాక రెండు నిమిషాలు సీట్లోనే కూర్చోండి.

లాడ్జి. గదిలోకి రాగానే టీవీ వేసే అలవాటుంటే, రిమోటు మీద నోటుబుక్కు పెట్టి పొద్దున బయటికి వెళ్ళండి.

## 5. గొలుసు లెక్క

ఇది వారానికి ఒక్కసారి చాలు. వాక్యాలు రాయడం కుదిరాక, మూడో వారం మొదలుపెట్టండి.

ఈ రోజు మీరు వాడుకున్న ఒక్క వస్తువునో సేవనో తీసుకోండి. అది మీదాకా రావడానికి పనిచేసినవాళ్ళను వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. ఏడుగురు తేలేదాకా ఆపొద్దు. మొదటి ముగ్గురు తేలిక, నాలుగో మనిషి నుంచి ఆలోచించాలి.

రైలు ప్రయాణం తీసుకుంటే: లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్, వెనక పెట్టెలో గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజరు అంటున్నారు), దారిలో ప్రతి స్టేషనులో సిగ్నలిచ్చిన స్టేషన్ మాస్టరు, బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట పనిచేసే పాయింట్స్‌మ్యాన్, తన పరిధిలోని పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే కీమ్యాన్, ఏసీ పెట్టెలో దుప్పట్లిచ్చే అటెండెంటు. వీళ్ళలో మీరు మొహం చూసింది బహుశా ఒక్కరినే.

ఆర్టీసీ బస్సయితే డ్రైవరు, కండక్టరు దగ్గరే ఆగిపోతాం. కండక్టరు లేని సర్వీసుల్లో టికెట్లు కొట్టేదీ ఆ డ్రైవరే. డిపోలో రాత్రి బండి కింద పడుకుని బ్రేకులు చూసిన మెకానిక్కు, బస్సు కడిగినవాళ్ళు, బస్టాండులో మరుగుదొడ్లు శుభ్రం చేసినవాళ్ళు, డ్రైవరుకు తెల్లవారుజామున క్యారేజీ కట్టిచ్చిన ఇంటివాళ్ళు. మనుషుల లెక్కన ఏడుగురు దాటిపోయారు.

మెస్సులో భోజనంతో కూడా చేయొచ్చు. గిన్నెలు తోమే మనిషి గుర్తొచ్చేదాకా లెక్క పూర్తయినట్టు కాదు.

ఈ అభ్యాసంలో వచ్చే చిక్కు ఒకటుంది. లెక్క పెరిగేకొద్దీ కొందరికి కృతజ్ఞత బదులు అపరాధభావం వస్తుంది, "వాళ్ళు అంత కష్టపడుతుంటే నేను సుఖంగా" అని. అలా వస్తే ఆ వారం ఆ ఏడుగురిలో ఒకరికి ఏదో ఒకటి చేయండి: దుప్పటి మడిచి ఇవ్వడం, చిల్లర సరిగ్గా ఇవ్వడం, ప్లేటులో వదలకపోవడం. లోపలే నలిపే భావానికి చేతి పని మందు.

## 6. తీసివేత

సరిగ్గా చేస్తే ఇది వాక్యాల కన్నా బలంగా పనిచేస్తుంది. మింకుంగ్ కూ, సారా ఆల్గో, తిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, తమ జీవితంలోని ఒక మంచి సంగతి అసలు జరగకుండా ఎలా పోయేదో ఊహించి రాసినవాళ్ళు, అది ఎలా జరిగిందో రాసినవాళ్ళ కన్నా ఎక్కువ సంతోషం పొందారు.

క్రమం ఇది:

1. ఒక మంచి సంగతి ఎంచుకోండి: ఈ ఉద్యోగం, ఒక స్నేహితుడు, పని నేర్పిన సీనియరు.
2. అది జరగడానికి దారితీసిన చిన్న చిన్న మలుపులు రాయండి. ఆ రోజు బస్సు దొరకడం, ఎవరో నోటిఫికేషన్ సంగతి చెప్పడం, ఇంటర్వ్యూ వాయిదా పడకపోవడం.
3. అందులో ఒక్కటి తీసేయండి. అక్కణ్ణుంచి కథ ఎటు పోయేదో నాలుగు వాక్యాలు రాయండి.
4. మళ్ళీ ఇవాళ్టికి రండి. ఈ అడుగు మానేయొద్దు. మధ్యలో ఆపితే దిగులు మిగులుతుంది.

నెలకోసారి చాలు. పిల్లల ప్రాణాలు, తల్లిదండ్రుల ఆరోగ్యం తీసేసే ఊహలు వద్దు. ఇంటికి దూరంగా లాడ్జి గదిలో రాత్రి పదకొండింటికి అలాంటివి అసలే వద్దు. సహజంగానే ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్ళు ఈ అభ్యాసం పూర్తిగా వదిలేసి అయిదో భాగంలోని గొలుసు లెక్కతో సరిపెట్టుకోవచ్చు.

## 7. నోటితో చెప్పడం

నోటుబుక్కులోనే ఉండిపోయే కృతజ్ఞత వల్ల అవతలి మనిషికి ఒరిగేదేమీ లేదు. చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లే 2018లో ప్రచురించిన పరిశోధన ఆ మొహమాటం గురించే: ధన్యవాదాల ఉత్తరం రాసినవాళ్ళు, అందుకున్నవాళ్ళ ఇబ్బందిని ఎక్కువగా, సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు.

పనిచోట. వాక్యంలోని మూడు భాగాలనే చెప్పండి. "థాంక్యూ సార్" అంటే ఆయన తలూపి వెళ్ళిపోతాడు. "మీరు నిన్న ముందే ఫోన్ చేసి చెప్పబట్టి ఇవాళ ఒక్క పూటలో పని అయిపోయింది సార్" అంటే ఆగి వింటాడు. వీలైతే ఆ మాట ఆయన పైఅధికారి ముందు చెప్పండి, లేదా మెయిల్లో ఇద్దరికీ పెట్టండి. సాయం అడగబోయే ముందు మాత్రం చెప్పకండి. పొగడ్త వెనకే పని వస్తే రెండోసారి ఎవరూ నమ్మరు.

లాడ్జి, హోటలు, స్టేషను. ఇక్కడ మాటతో పాటు పది, ఇరవై రూపాయలు కూడా పలుకుతాయి. ఎప్పుడూ వెళ్ళే లాడ్జిలో కుర్రాడి పేరు అడిగి తెలుసుకోండి, మళ్ళీ వెళ్ళినప్పుడు పేరుతో పిలవండి. ఇచ్చే డబ్బు చేతికే ఇవ్వండి, దిండు కింద వదిలితే ఎవరికి చేరుతుందో తెలియదు.

ఇంట్లో. మన ఇళ్ళలో భార్యకో అమ్మకో థాంక్స్ చెబితే "ఏమైంది మీకు ఇవాళ?" అన్నట్టు చూస్తారు. చూసింది చూసినట్టు చెప్పడం మేలు: "నేను లేనప్పుడు గ్యాస్ అయిపోతే నువ్వే మార్చావట", "అత్తయ్యా, ఈ వారం పిల్లల్ని మీరే బడికి దింపారట", "అమ్మా, ఆ పొడి ఇవ్వకపోతే వారమంతా హోటలు చట్నీతోనే తినేవాణ్ణి". ఇంటినుంచి వెళ్ళేది మీరైతే, వెనక నడిపేది ఇంకొకరు. వాళ్ళ వారం ఎలా గడిచిందో అడగకుండా మీ ప్రయాణం కష్టాలు మొదలుపెట్టకండి.

ఇంటికొచ్చిన మొదటి గంట క్రమం:

- బ్యాగు విప్పి, మాసిన బట్టలు మీరే తీసి వాషింగ్ మెషిన్‌లో వేయండి.
- ఫోను ఛార్జింగుకు పెట్టి ఆ గదిలోంచి బయటికి రండి.
- "ఈ నాలుగు రోజులూ ఏం జరిగింది?" అని అడిగి, మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి.
- మర్నాటి పనుల్లో ఒకటి పూర్తిగా మీ మీద వేసుకోండి.

"నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడవదు" అని చెప్పి సోఫాలో కూలబడి టీ అడిగితే, ఆ మాట చెప్పకపోయినా బాగుండేది.

ఒక ఉత్తరం. ఆరో వారంలో, మీకు మేలు చేసి మీరు సరిగ్గా కృతజ్ఞత చెప్పని ఒకరికి ఒక పేజీ రాయండి. హైస్కూలు మాస్టారు కావచ్చు, మొదటి ఉద్యోగంలో పని నేర్పినాయన కావచ్చు. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఉత్తరం రాసి స్వయంగా అందించడానికి వారం గడువిచ్చారు. ఆ సంతోషం నెలదాకా కనిపించి, తర్వాత తగ్గిపోయింది. ఆ ఊరికి క్యాంపు పడినప్పుడు చేతికివ్వండి. ముందు ఫోన్ చేసి వెళ్ళండి, అప్పు అడగడానికి వస్తున్నారనుకోకుండా విషయం చెప్పండి.

## 8. తృప్తి: "చాలు" గీత గీయడం

కృతజ్ఞత జరిగినదాన్ని చూస్తుంది. తృప్తికి ఇంకో పని కావాలి: ఎంతైతే చాలో ముందే తేల్చుకోవడం. కొలత లేనప్పుడు పక్కవాడే కొలత అవుతాడు. తోటి ఉద్యోగి విమానంలో వెళ్ళిన ఫొటో స్టేటస్‌లో చూశాక మీ థర్డ్ ఏసీ బెర్తు ఇరుకైపోతుంది, నిన్నటిదాకా అదే హాయిగా ఉన్నా.

లాడ్జి గదికి గీత ఇలా ఉండొచ్చు: నీళ్ళు, లోపలి గడియ, తిరిగే ఫ్యాను, శుభ్రమైన దుప్పటి. నాలుగూ ఉంటే గది చాలు, పోలిక అక్కడితో ఆపేయాలి. ఒక్కటి లేకపోయినా కౌంటరుకు వెళ్ళి అడగాలి, కుదరకపోతే గది మార్చాలి. రాజీ పడొద్దు. గీతకు పైన కోరిక, కింద హక్కు.

భోజనానికి, ఫోనుకు, నెలలో క్యాంపు రోజులకు ఇలాగే గీతలు గీయండి. మూడు నాలుగు విషయాలకు మించొద్దు, బతుకంతా గీతలతో నింపితే అదో ఆఫీసు ఫారం అవుతుంది. గీత ఎప్పుడు గీయాలన్నది ముఖ్యం: ప్రయాణానికి ముందు, ఇంట్లో, కడుపునిండా తిని ఉన్నప్పుడు. అలిసిపోయి గదిలో అడుగుపెట్టాక గీస్తే మరీ పైనో మరీ కిందో పడుతుంది.

బదిలీకి దరఖాస్తు పెట్టడానికీ, జీతం పెంచమనడానికీ, వేరే ఉద్యోగం వెతుక్కోవడానికీ తృప్తి అడ్డు కాదు. అవన్నీ వెనక పేజీలో తేదీతో సహా ఉండాల్సినవే.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

- ఏమీ తోచడం లేదు. పెద్దవాటి కోసం వెతుకుతున్నారు. ఇవాళ తప్పిపోయిన ఒక చిన్న ఇబ్బందితో మొదలుపెట్టండి.
- ఇంకొకరి కష్టం చూసి తృప్తి పడడం. "ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ళ కన్నా నయం కదా." ఇది పోలికే, దిశ మారిందంతే. రేపు పైకి చూడగానే పోతుంది. కొట్టేయండి.
- పిల్లలకు, భాగస్వామికి బోధించడం. "ఉన్నదానికి సంతోషించు" అన్న మాట ఇంకొకరు అంటే తిట్టులా తగులుతుంది. నోటుబుక్కు మీది, మీ దగ్గరే ఉంచండి.
- ఫొటో తీసి స్టేటస్ పెట్టడం. రెండో రోజు నుంచి చదివేవాళ్ళ కోసం రాస్తారు.
- రెండు వారాలు తప్పింది. పాతవి పూరించొద్దు. ఇవాళ్టి తేదీ వేసి ఒక్క వాక్యం రాయండి.
- వెనక పేజీ నిండుతోంది, ముందుది ఖాళీ. అలవాటు చెడిందనుకోకండి. ఉద్యోగంలో నిజంగానే ఏదో మారాలి. ఆ పద్దులు తీసుకుని మేనేజరుతో కూర్చోండి.

## 10. ఆరు వారాల చెక్‌లిస్టు

- 1వ వారం: వెనక పేజీ మాత్రమే. కనీసం ఒక్క పద్దు అడిగి తేల్చాలి.
- 2వ వారం: రెండు విడతలు, విడతకు మూడు వాక్యాలు.
- 3వ వారం: అవే, పైగా ఒక గొలుసు లెక్క.
- 4వ వారం: రాసినవాటిలో ఒకటి ఆ మనిషికి నోటితో చెప్పాలి.
- 5వ వారం: మూడు విషయాలకు "చాలు" గీతలు, ఒక తీసివేత.
- 6వ వారం: ఉత్తరం. వెనక పేజీలో తేలినవి కొట్టేసి, మిగిలినవాటికి కొత్త తేదీలు వేయాలి.

ఆ తర్వాత వారానికి ఒక్క విడత సరిపోతుంది.

ఈ సాధన వైద్యం కాదు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకాలనిపించకపోయినా నోటుబుక్కు పక్కన పెట్టి డాక్టరును కలవండి. ఎక్కడో క్యాంపులో ఉండి వెంటనే కుదరకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు నోటుబుక్కు ముందు అట్ట లోపలివైపు ముందే రాసి ఉంచుకోండి.